రోజుకు ఒక్కసారే వచ్చే తల్లి

కుందేళ్లను కొత్తగా పెంచేవాళ్లకు మొదటి ఈతలోనే పట్టుకునే బెంగ ఒకటుంది: తల్లి పిల్లల దగ్గరికి పోవడం లేదు, పాలివ్వడం లేదు, ఎలా? చాలాసార్లు ఏమీ చేయనక్కర్లేదు. కుందేలు తల్లి 24 గంటల్లో ఒక్కసారే, ఎక్కువగా రాత్రిపూటో తెల్లవారుజామునో, పిల్లలున్న పెట్టెలోకి దూకుతుంది. మూడు నాలుగు నిమిషాలు వాటి మీద నిలబడి పాలిచ్చి బయటికి దూకేస్తుంది. మళ్లీ మర్నాడే.

దూడను నాకే ఆవును, పిల్లల్ని రెక్కల కింద పెట్టుకునే కోడిని చూసి పెరిగిన కంటికి ఇదేం తల్లి అనిపిస్తుంది. కానీ ఈ జంతువు పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పం. అక్కడి అడవి కుందేలు నేలలో చిన్న బొరియ తవ్వి, గడ్డీ తన బొచ్చూ పరిచి అందులో ఈనుతుంది. పాలిచ్చిన ప్రతిసారీ బొరియ మూతిని మట్టితో పూడ్చేసి వెళ్తుంది. నక్క కంట పడకుండా ఉండాలంటే తల్లి అక్కడ తచ్చాడకపోవడమే క్షేమం. మన చేలగట్ల మీద పరుగెత్తే చెవులపిల్లి వేరే జంతువు. దాని పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి, వాటికి బొరియతో పనిలేదు. (వాటిని పట్టి తెచ్చి పెంచాలనుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు.) పెంపుడు కుందేలు పిల్ల పుట్టేటప్పటికి ఒంటి మీద బొచ్చుండదు, కళ్లూ చెవులూ మూసుకునే ఉంటాయి, బరువు 50 గ్రాములు అటూఇటూ. బొరియ లేకపోతే అది బతకదు. కాబట్టి పెంచేవాడి నేర్పంతా గూటి అడుగున ఉండే ఇనుప జాలీ మీద బొరియను కట్టివ్వడంలోనే ఉంది.

అందుకే అసలు పని పిల్లలు పుట్టకముందే అయిపోవాలి. ఈ విషయంలో కుందేలు మనకు ఒక సాయం చేసింది. దానికి అండం తనంతట తాను విడుదల కాదు, జత కట్టిన తర్వాత సుమారు పది గంటలకు విడుదలవుతుంది. అందువల్ల జత కట్టించిన తేదీ రాసిపెట్టుకుంటే చూడి లెక్క పెద్దగా తప్పదు. ఆడదాన్నే మగదాని గూటికి తీసుకెళ్లాలి. మగదాన్ని దీని గూట్లో వదిలితే తన చోటని ఆడది కలబడి కరుస్తుంది. 12వ రోజుకూ 14వ రోజుకూ మధ్య పొట్ట కింద వేళ్లతో మెల్లగా తడిమితే ద్రాక్షపండ్లలాంటి ఉండలు జారుతూ తగులుతాయి. గట్టిగా నొక్కకూడదు. 17వ రోజు ప్రాంతంలో బొచ్చు పీక్కుంటూ గూడు కట్టేస్తుంటే సంబరపడొద్దు. అది ఉత్తుత్తి చూడి, లోపల పిల్లలుండవు. నిజమైన ఈత 31వ రోజున, ఒకటి రెండు రోజులు ఇటూఅటూగా.

పెట్టెను 28వ రోజున పెట్టాలి. ముందే పెడితే దాన్ని మరుగుదొడ్డి చేసుకుంటుంది. ఆలస్యమైతే జాలీ మీదే ఈనేస్తుంది, తెల్లారేసరికి పిల్లలు చల్లబడి ఉంటాయి. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న చెక్కపెట్టె చాలు. ముందువైపు పలకను సగానికి కోస్తే తల్లి దూకగలదు, పిల్లలు ఎక్కలేవు. మూత్రం కారిపోవడానికి అడుగున చిల్లులుండాలి. లోపల ఏం పరచాలన్నది పెంపకందార్ల మధ్య తెగని వాదం, ఎవరికి వారు తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. రంపపు పొట్టు మీద మెత్తటి ఎండుగడ్డి నాకు నచ్చిన పద్ధతి. వరిగడ్డి అయితే పొట్టిగా తరిగి వేయాలి. పాత గుడ్డలూ దూదీ మాత్రం వద్దు, పోగులు పిల్లల కాళ్లకు, మెడకు చుట్టుకుంటాయి. పైపరుపు సంగతి తల్లే చూసుకుంటుంది. ఈనే ముందు పొట్ట మీది బొచ్చు పీకి పరుస్తుంది, దాంతో చన్నులూ బయటపడతాయి. ఇంకొక్క మాట, గూటి కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టడం మరవొద్దు. మన ఊళ్లలో పిల్లికీ పాముకీ భయపడి తలుపు బిగిస్తారు గానీ, ఎర్రచీమలు ఒక్క రాత్రిలో ఈతనంతా పాడు చేయగలవు.

ఈనడం అరగంటలో ముగుస్తుంది, చాలావరకు ఎవరూ చూడని వేళలో. మర్నాడు పొద్దున్నే తల్లి ముందు గుప్పెడు పచ్చిమేత వేసి, దాని వీపు నిమిరి, అదే చేత్తో పెట్టెలో బొచ్చు పక్కకు తీసి చూడాలి. మనిషి వాసన తగిలితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందన్న మాటను, మచ్చికైన కుందేళ్ల విషయంలో, నేను నమ్మను. అయినా చెయ్యి తల్లికి రుద్దుకోవడం వల్ల పోయేదేమీ లేదు. లెక్కపెట్టాలి, చచ్చినవాటిని, మాయ ముక్కల్ని తీసేయాలి, తడిసిన గడ్డి మార్చాలి, బొచ్చు మళ్లీ కప్పేయాలి. అక్కడితో చేతులు వెనక్కి. గంటకోసారి తొంగిచూసే ముచ్చట తల్లిని బెదరగొడుతుంది. బెదిరిన తల్లి పిల్లల్ని తొక్కేస్తుంది, ఒక్కోసారి తినేస్తుంది కూడా. నీళ్లు చాలకపోయినా అదే పని చేస్తుంది. పాలిచ్చే కుందేలు వేసవిలో లీటరుకు పైగా తాగేస్తుంది, గిన్నె ఎప్పుడూ ఎండకూడదు.

పాలు అందాయా లేదా అన్నది పిల్ల పొట్టే చెబుతుంది. చర్మం ఎంత పల్చనంటే లోపలి పాలు తెల్లగా కనిపిస్తాయి. తాగిన పిల్ల ఉబ్బి నున్నగా ఉంటుంది, తాగనిది ముడతలు పడి గిలగిల్లాడుతుంది. రోజుకొక్క పూట తిండితో ఎలా గడుస్తుందంటే, ఈ పాలలో కొవ్వు 12 శాతం పైమాట, గేదె పాలకు దాదాపు రెట్టింపు చిక్కదనం. కళ్లు తెరవని పిల్ల క్షణాల్లో చన్ను ఎలా పట్టుకుంటుందన్న దానికీ జవాబు దొరికింది. తల్లి పాలలో పిల్లల్ని చన్నువైపు నడిపించే వాసన పదార్థం ఒకటుందని ఫ్రాన్స్‌లో బెన్వా షాల్ బృందం 2003లో చూపించింది. నాకు అంతకన్నా వింతగా తోచేది వేరే ఉంది. తల్లి వచ్చే వేళ దగ్గరపడితే పిల్లలు ముందుగానే బొచ్చు కిందినుంచి పైకి పాక్కుంటూ వచ్చి సిద్ధంగా ఉంటాయి. తాగడం అవగానే మూత్రం పోసి మళ్లీ అడుగుకు దిగి ముద్దగా చేరతాయి. వెళ్లేముందు తల్లి రెండు మూడు పెంటికలు పెట్టెలో వదిలి పోతుంది. పిల్లలు రెండో వారంలో వాటిని కొరుకుతాయి, పేగులకు కావలసిన సూక్ష్మజీవులు అలా చేరతాయి. శుభ్రం చేస్తున్నామని పెట్టెను పూర్తిగా ఊడ్చేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒక్కోసారి చన్ను వదలని పిల్ల తల్లితోపాటే బయటపడుతుంది. కుందేలు పిల్లిలా నోట కరుచుకుని వెనక్కి తేదు. జాలీ మీద చల్లబడి కట్టెలా కనిపించినా వెంటనే పారేయకండి. రెండు అరచేతుల మధ్య, లేదా గుడ్డలో చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసా పక్కన కాసేపు పెడితే కదిలేవి ఉంటాయి. ఒళ్లు వెచ్చబడ్డాకే పెట్టె మధ్యలో పెట్టాలి.

ఈ విద్యలో చిన్న పెంపకందార్లకు అన్నిటికన్నా పనికొచ్చే ఉపాయం, రెండు మూడు ఆడవాటిని ఒకే రోజు జత కట్టించడం. తల్లికి సాధారణంగా ఎనిమిది చన్నులే, పిల్లలు పదో పన్నెండో పుట్టవచ్చు. పక్క గూట్లో అదే రోజు ఈనినది ఉంటే, మొదటి మూడు రోజుల్లో మిగులు పిల్లల్ని దాని గుంపులో కలిపి దాని బొచ్చు కప్పేస్తే తనవిగానే పెంచుతుంది. తల్లి చచ్చిపోయినా ఇదే దారి. సిరంజితో మేకపాలు పట్టి బతికించాలని చూడటం మంచి మనసే గానీ, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్ల చావడం మామూలు.

మన ఎండల సంగతి వేరు. కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ కుందేళ్ల మీద కూడా పనిచేసే తన దక్షిణాది కేంద్రాన్ని కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూరులో నడుపుతోంది. ఆ చల్లదనం గుంటూరులోనో ఖమ్మంలోనో మే నెలలో ఎక్కడ వస్తుంది? 30 డిగ్రీలు దాటితే కుందేలుకు ఇబ్బంది మొదలవుతుంది, ఎక్కువకాలం వేడి తగిలిన మగవి కొన్ని వారాలపాటు పనికిరాకుండా పోతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈతలు పడకుండా తేదీలు చూసుకోవడం తెలివైన పని. తప్పనిసరైతే పెట్టెలో బొచ్చు సగం తీసి దాచాలి. పిల్లలు ఒకదానికొకటి దూరంగా చెదిరి పడుకుంటే వేడెక్కువైందని, కుప్పగా చేరితే సరిపోయిందని అర్థం.

10వ రోజు నుంచి 12వ రోజు లోపు కళ్లు తెరుచుకోవాలి. రెప్పలు అతుక్కునే ఉంటే కాచి చల్లార్చిన నీటిలో దూది తడిపి తుడిచి విడదీయాలి. లోపల చీము నిలిస్తే చూపు పోతుంది. మూడో వారంలో పెట్టె దిగి తల్లి మేతలో మూతి పెడతాయి. ఐదారు వారాలకు పాలు మాన్పించేటప్పుడు పిల్లల్ని కదపకుండా తల్లిని వేరే గూటికి మార్చడం మేలు. కొత్త చోటు, కొత్త మేత, తల్లి లేకపోవడం, మూడూ ఒకేసారి మీదపడితే పారుడు పట్టుకుని రెండు రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. అదే మేతను ఇంకో వారం కొనసాగించి, తర్వాతే కొద్దికొద్దిగా మార్చాలి. ఎన్ని పుట్టాయి, ఎన్ని పాలు మానేదాకా నిలిచాయి అన్న రెండు అంకెలు గూటి చీటీ మీద రాసి, రెండు మూడు ఈతలు చూశాక, ఏ తల్లి కూతుళ్లను ఉంచుకోవాలో ఏ తల్లిని అమ్మేయాలో ఆ చీటీని బట్టే తేల్చుకోవచ్చు.