చందా పుస్తకానికి ఎక్కని పద్దు

ఆషాఢం దగ్గర పడుతోంది. పాతబస్తీలో ఈ వారం ఎక్కడ విన్నా ఒకటే ముచ్చట: ఏ గుడికి సర్కారు నుంచి ఎంత చెక్కు వస్తుంది, ఎప్పుడొస్తుంది, నిరుటి కంటే పెరుగుతుందా? 2014లో బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించినప్పటి నుంచి ఏటా ఈ రోజుల్లో ఇదే చర్చ. దాని వెనకే మరో మాట వస్తుంది. నాకు చిరాకు తెప్పించేది అదే. ఇదివరకు బస్తీవాళ్లు తలా ఇంత వేసుకుని, తలా ఓ చెయ్యి వేసి పండుగ చేసుకునేవారట. సర్కారు సొమ్ము వచ్చాక ఆ సేవాభావం పోయిందట. ఈ కాలమ్ చదివేవారికి నా పట్టింపు తెలిసిందే. ఏ పండుగ చరిత్ర కావాలన్నా స్థలపురాణం పక్కన పెట్టి లెక్కల పుస్తకం తెరవమంటాను. ఎవరెంత ఇచ్చారు, ఎవరే పని చేశారు, ఎవరికి చేయక తప్పలేదు? ఈ మూడు ప్రశ్నలూ బోనాలను అడిగితే పాత రోజుల మీది ఆ బెంగ ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

ముందు పుట్టుక సంగతి. లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి గుడి అనగానే 1908 గుర్తుకొస్తుంది. ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది, వేలమంది పోయారు. ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ సలహా మీద ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ అమ్మవారికి పూజ చేయించాడనీ, బంగారు చాటలో పసుపు కుంకుమలు, ముత్యాలు పెట్టి మూసీకి సమర్పించాడనీ, వరద తగ్గిందనీ చెబుతారు. ఈ నగరం ఆ కథను ఇంత ప్రేమగా దాచుకోవడం నాకు ఇష్టమే. కానీ తేదీ చూడండి. సెప్టెంబరు నెలాఖరంటే ఆషాఢం వెళ్లిపోయి రెండు నెలలు. బోనాల నెల దాటాక వచ్చిన వరద బోనాలకు పుట్టుక ఎలా అవుతుంది? ఆ కథలో ఉన్నది ఒక గుడికి దొరికిన రాజాదరణ. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి కథా ఇలాంటిదే. 1813లో మహమ్మారి, సైన్యంలో డోలీ మోసే సూరిటి అప్పయ్య ఉజ్జయినిలో మొక్కుకోవడం, 1815లో తిరిగొచ్చి కొయ్య విగ్రహాన్ని నిలపడం. అది గుడి పుట్టుక. పోచమ్మకో మైసమ్మకో వండిన అన్నం నెత్తిన పెట్టుకుని వెళ్లి సమర్పించే ఆచారానికి గుడే అక్కర్లేదు. తెలంగాణ ఊళ్లలో వేపచెట్టు కింది రాయికి కూడా బోనం పెడతారు. పట్నానికి అది ఊరి నుంచే వచ్చింది.

ఇక, అన్నీ బస్తీ జనమే చేసుకున్నారన్న మాట. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం బోనాల మర్నాడు, సోమవారం ఏనుగెక్కి చార్మినార్, గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి, మదీనా మీదుగా నయాపూల్ చేరుతుంది. మిగతా గుళ్ల ఘటాలు వెంట నడుస్తాయి. ఆ గుడికి పేరిచ్చిన అన్నదమ్ములిద్దరూ గోల్కొండ తానీషా కొలువులో పెద్దలు, 1686లో హతులయ్యారు. మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి బయల్దేరే బీబీ కా ఆలం కూడా ఏనుగు మీదే వెళుతుంది. రెండింటికీ ఏనుగును వెతకడం, అటవీశాఖ అనుమతి తేవడం, పక్క రాష్ట్రం నుంచైనా రప్పించడం ఇటీవలి ఏళ్లలో పెద్ద యాతన. ఏ బస్తీ చందాకూ ఏనుగు రాదు. దారికి పోలీసు బందోబస్తు కావాలి, తీగలు పైకెత్తడానికి కరెంటువాళ్లు రావాలి, నయాపూల్ దగ్గర నీళ్లూ వెలుగూ చూడ్డానికి బల్దియా ఉండాలి. రాజో సర్కారో, ఎవరో ఒకరి అండ ఊరేగింపుకు ఎప్పుడూ ఉంది. 2014 తర్వాత దానికి చెక్కు రూపం వచ్చింది, అంతే.

సేవ అన్న మాటను కూడా ఊరికే ఒప్పుకోకూడదు. ఊరి బోనాల్లో కుండ కుమ్మరి ఇవ్వాలి, దివిటీ చాకలి పట్టాలి, డప్పు మాదిగ కొట్టాలి, జమిడిక బైండ్లవాళ్లు వాయించాలి. దీన్ని వంతు అన్నారు. వాళ్లూ భక్తితోనే చేశారు కదా అని ఎవరైనా అడగవచ్చు. చేశారు, ఆ భక్తిని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ కాదనే వీలు లేని పనిని సేవ అని పిలిస్తే, దాని కింద ఉన్న బలవంతం కనపడకుండా పోతుంది. ఇవాళ డప్పు దళం ముందే రేటు మాట్లాడుకుని వస్తోందని, పోతరాజు కూడా పైసలు అడుగుతున్నాడని నొచ్చుకునే పెద్దలున్నారు. పగలంతా ఎండలో వాయించినవాడికి కూలి దొరకడం పండుగ చెడిపోవడం కాదు. ఒక పాత బాకీ ఇన్నాళ్లకు తీరుతోంది.

అయితే పండుగలో ఎవరూ చెప్పకుండా, ఎవరూ ఇవ్వకుండా జరిగేది ఏదీ లేదా? ఉంది, దాన్ని మొక్కు అంటారు. ఆదివారం తెల్లవారకముందే ఇంట్లో మొదలవుతుంది. కొత్త కుండో, తోమిన ఇత్తడి బిందో తీసుకుని సున్నం, పసుపు పూస్తారు. కుంకుమ బొట్లు పెడతారు. మెడ చుట్టూ వేపమండలు కడతారు. లోపల పాలూ బెల్లం పోసి వండిన అన్నం, పైన మూత, మూత మీద ప్రమిద, అందులో వెలిగే వత్తి. దీపం ఆరకుండా, మెడ వణకకుండా, వేడి అన్నం బరువు చుట్టకుదురు గుండా నడినెత్తికి దిగుతుంటే, చెప్పుల్లేని కాళ్లతో గల్లీ దాటి వరుసలో నిలబడాలి. ఎదురొచ్చినవాళ్లు ఆ కాళ్ల మీద నీళ్లు పోసి మొక్కుతారు. ఆ క్షణంలో బోనం ఎత్తిన ఆడమనిషే అమ్మవారు. ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికి వస్తుందంటారు, ఆడబిడ్డలనూ ఇళ్లకు పిలుస్తారు. అందుకే బోనం ఎత్తినవాళ్లలో చాలామంది ఆ బస్తీలో ఇప్పుడు ఉండనివాళ్లు. ఎక్కడెక్కడో కాపురాలు చేసుకుంటూ ఈ ఒక్క రోజుకు వచ్చేవాళ్లు. గుడి కమిటీ కరపత్రం మీద అధ్యక్షులు, కార్యదర్శులు, సలహాదారులు వరసగా ఉంటారు. బోనం ఎత్తిన ఒక్క ఆడమనిషి పేరు వెతికినా దొరకదు. బియ్యం, పాలు, బెల్లం, కుండ, ఒక పగటి పూట. ఇంటింటా ఇంత ఖర్చు అవుతున్నా అది ఏ చందా పుస్తకానికీ ఎక్కదు.

కమిటీ లేకపోతే పండుగే ఉండదని వాదించేవారికి నా జవాబు 2020. ఆ ఏడు కరోనా వల్ల బోనాలు ఇళ్లలోనే చేసుకోమన్నారు. ఊరేగింపుల సందడి లేదు, గుళ్ల ముందు వరుసలు లేవు. ఇళ్లలో కుండలకు పసుపు పూశారు, దీపాలు వెలిగించారు, దేవుడి మూల పెట్టి మొక్కారు. పండుగ ఆగలేదు. జపాన్‌లో క్యోటో నగరపు గియోన్ పండుగ కూడా 869లో మహమ్మారి భయంతోనే మొదలైంది. దాని రథాలను ఇప్పటికీ వీధి సంఘాలే నడుపుతాయి. 1533లో పాలకులు ఉత్సవాన్ని ఆపమంటే, పూజలు లేకపోయినా రథాలు మాత్రం లాగుతామని జనం పట్టుబట్టారు. అక్కడ వీధిలోని రథం చుట్టూ నిలిచిన పండుగ ఇక్కడ పొయ్యి దగ్గర నిలిచింది. ఆ రథాల్లో చాలావాటి మీదికి ఆడవాళ్లను చాలాకాలం ఎక్కనివ్వలేదు. మనకు ఆడబిడ్డ లేకుండా బోనమే లేదు, అయినా పండుగ చరిత్ర రాసేటప్పుడు ఏనుగు నుంచి మొదలుపెడతాం.

చెక్కును తిప్పి పంపమని రాద్దామనే ఈ వారం కూర్చున్నాను. ఇంత దూరం వచ్చాక ఆ మాట రాయలేను. చెక్కు తీసుకోండి. కానీ దాన్ని మైకులకూ, ముఖాల ఫ్లెక్సీలకూ, వేదిక మీద శాలువాలకూ పోయకండి. లాల్‌దర్వాజా గల్లీల్లో ఆదివారం గంటల తరబడి కదలని వరుసలో నెత్తిన బరువుతో నిలబడేవాళ్లకు నీడ కావాలి, తాగడానికి నీళ్లు కావాలి, దగ్గర్లో శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. నడుం వంచకుండా, దీపం ఆరకుండా కాసేపు కుండ దించుకోవడానికి ఛాతీ ఎత్తు దిమ్మెలు కావాలి. అవి ఎన్ని ఉండాలో, ఎంతెంత దూరంలో ఉండాలో కమిటీ గదిలో కూర్చుని తేల్చక్కర్లేదు. నిరుడు బోనం ఎత్తినవాళ్లను పిలిచి అడిగితే ఎక్కడ మెడ లాగిందో, ఎక్కడ కాళ్లు కాలాయో చెబుతారు.