కాడి కింద మెడ

ఈ వారం ఎర్రటి ఎండలో మా వీధికి ఇసుక తోలిన ఎడ్లబండిని చూసి ప్రాణం ఉసూరుమంది. దాపటెద్దు మెడ మీద కాడి ఒరుసుకుని తోలు లేచిపోయింది. పుండు నిండా ఈగలు. ఇసుక దింపడమే ఆలస్యం, బండతను మళ్లీ వాగు దారి పట్టాడు.

దయ చట్టంతో రాదు, పెంపకంతో రావాలని ఈ శీర్షికలో ఎన్నోసార్లు రాశాను. అలా రాసినప్పుడల్లా నా కళ్లముందు ఉండేది మా తాతయ్య. పొద్దుగూకి అరక విప్పగానే ఆయన చెయ్యి ఎడ్ల మెడ మీదికి వెళ్లేది. వేడిగా ఉందా, వాచిందా అని వేళ్లతో నొక్కి చూసేవారు. వేడి తగిలితే మర్నాడు అరక కట్టేది లేదు. ఎడ్లు కుడితి తాగి చొప్ప అందుకున్నాకే ఆయన కాళ్లు కడుక్కునేవారు. గిట్టల సందున రాయి ఇరుక్కుందేమో, నాడా వదులైందేమో చూడటం, కాడిని నున్నగా చెక్కించడం, ఎత్తు కుదిరిన ఎడ్లనే జత కట్టడం, ఇవన్నీ ఆయన లెక్కలో దుక్కి దున్నడమంత ముఖ్యమైన పనులు.

కానీ కళ్లం మీద మబ్బు కమ్మిన ఒకరోజు ఆ తాతయ్యే బస్తా మీద బస్తా వేసి బండి తోలారు. గట్టు ఎక్కలేక దాపటెద్దు ముంగాళ్ల మీద కూలబడింది. ఎడ్ల మీద ఆయన ప్రేమ ఆ రోజూ తగ్గలేదు. ఏడాది కష్టం తడిసిపోతుందన్న భయం దాన్ని మించిపోయింది.

అందుకే 1965 నాటి బండి పశువుల నిబంధనలు నాకిప్పుడు విలువైనవిగా కనిపిస్తున్నాయి. రోజుకు 9 గంటలకు మించి పశువును బండికి కట్టకూడదు. ఏకబిగిన 5 గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు మించే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా తోలకూడదు. ముల్లుకర్ర వాడకూడదు. బరువుకూ హద్దుంది. పుండుతో పనికిరాని పశువును పనిలో పెట్టడం 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మంచి రైతు కూడా గత్తరలో పడే రోజు ఒకటుంటుంది. ఆ రోజున ఎద్దుకు అండగా నిలవాల్సింది ఈ నిబంధనలే.

అయితే ఆ చట్టంలో తొలి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలే. అది పెరగాలి. బండతనితో పాటు బండి పిలిపించుకున్నవారూ జవాబు చెప్పాలి. ట్రిప్పుకింత అని కూలి కట్టి, ఎద్దు నిలబడే ప్రతి గంటనూ అతనికి నష్టంగా మారుస్తున్నది మనమే.