చేతికి లొంగే విల్లు

మంగళగిరిలో గుంట మగ్గంలోకి దిగిన నేతకారుడు ముందుగా చూసుకునేది, కాలితో తొక్కే చెక్కలు తనకు సరిగ్గా అందుతున్నాయా అని. మగ్గం ఎంత మంచిదైనా మనిషి కొలతకు కుదరకపోతే సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. మొదటి విల్లు కొనబోయేవాళ్లకు నేను చెప్పే మాట కూడా అదే. విల్లు గొప్పతనం తర్వాత చూద్దాం, ముందు అది మీ ఒంటికి సరిపోవాలి.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో, కాంపౌండ్ విభాగంలో మూడు బంగారు పతకాలు గెలిచింది. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో మన బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లాడు. కృష్ణ ఒడ్డున ఈ విద్యకు దారి వేసిన కోచ్ చెరుకూరి లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో పోయాడు గానీ, ఆయన వేసిన దారి నిలిచింది. ఈ కబుర్లు విన్న పిల్లలు విల్లు కావాలని అడగడం సహజం. పెద్దవాళ్లు పొరపాటు చేసేది అక్కడే. ఎదిగే పిల్లాడు కదా అని రెండంగుళాలు వదులు చొక్కా కుట్టించినట్టు, బరువు ఎక్కువున్న విల్లు కొనిపెడతారు.

విల్లు బరువంటే తక్కెడలో తూగే బరువు కాదు. నారిని పూర్తిగా లాగినప్పుడు వేళ్ల మీద పడే భారం. దాన్ని పౌండ్లలో లెక్కిస్తారు. పదేళ్ల పిల్లలకు 12 నుంచి 16, పెద్దవాళ్లకు 18 నుంచి 24 పౌండ్లు మొదట్లో చాలు. కండ ఉన్నవాడికి ఇది చిన్నతనంగా తోస్తుంది. కానీ విల్లు లాగేది ఒక్క చెయ్యి కాదు, వీపులో రెక్క ఎముకల నడుమ ఉండే కండరాలు. రోజూ మూటలు మోసేవాడిలోనూ అవి ఈ పనికి అలవాటు పడి ఉండవు. పరీక్ష తేలికే: బాణం తొడిగి, గురి వైపే నిలబడి, నారిని గడ్డం దాకా లాగి పది అంకెలు లెక్కపెట్టండి. విల్లు వణికినా, భుజం చెవి దగ్గరికి ఎగదన్నినా, లాగడానికి విల్లును ఆకాశం వైపు ఎత్తాల్సి వచ్చినా అది మీ విల్లు కాదు. పది లెక్కయ్యాక నారిని మెల్లగా వెనక్కి దింపండి. బాణం లేకుండా మాత్రం ఎన్నడూ వదలొద్దు. బాణం తీసుకుపోవలసిన బలమంతా విల్లు మీదే పడి, కొమ్ములు పగులుతాయి.

చేతులు రెండూ బార చాచి కొలిచి, ఆ కొలతను రెండున్నరతో భాగిస్తే మీరు నారిని ఎంత దూరం లాగగలరో దాదాపుగా తెలుస్తుంది. 165 సెంటీమీటర్ల బార ఉన్నవాళ్లకు 66 సెంటీమీటర్లు, అంటే 26 అంగుళాలు. బాణం దానికంటే రెండంగుళాలు పొడవుండాలి. పొట్టి బాణం వేలి మీదికి జారిందంటే గాయం తప్పదు. ఇక కన్ను. రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లు కలిపి చిన్న సందు చేసి, దూరాన ఉన్న కరెంటు స్తంభాన్ని అందులోంచి చూడండి. ఒక్కో కన్నూ మూస్తే, ఏ కంటికి స్తంభం కదలకుండా నిలుస్తుందో ఆ కన్నే మీకు గురి చెప్పేది. కుడిచేతి వాటం వాళ్లందరికీ కుడికన్నే అనుకోవద్దు.

వేటకు సిద్ధపడటం గురించి కూడా అడుగుతారు. ప్రకాశం మెట్ట దాటి పడమటికి పోతే నల్లమల. అక్కడి చెంచుల విల్లు వెదురుది. దానికి గురి చూసే పరికరాలు లేవు. గాలి తమ వాసనను జంతువు వైపు మోయకుండా దారి చూసుకోవడం, ఎండుటాకు చప్పుడు కాకుండా అడుగు వెయ్యడం, దగ్గరికి చేరేదాకా నారిని ముట్టకపోవడం విల్లువేటకు ప్రాణం. అందులో బాణం పని ఆఖరి క్షణానిదే. అహోబిలంలో నరసింహ స్వామి ఈ చెంచుల అల్లుడే. కనుమనాడు మొదలయ్యే పార్వేట ఉత్సవంలో స్వామి పల్లకి వైపు చెంచులు బాణాలు వేసి స్వాగతం చెబుతారు. ఇంత గౌరవం పొందిన విద్య ఇది.

అయితే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద దుప్పిని, కణితిని, నెమలిని వేటాడటం నేరం. ఆ చట్టం ఉండాల్సిందే, నాకందులో అనుమానం లేదు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు అక్కడ లైసెన్సు తీసుకుని వేటకు వెళ్లొచ్చు. అక్కడా శిక్షణ అడుగుతారు, కొన్ని రాష్ట్రాల్లో జింకకు కనీసం 40 పౌండ్ల విల్లు ఉండాలంటారు. ఆ నలభైకి చేరే మెట్లు కూడా ఈ ఇరవై పౌండ్ల దగ్గరే మొదలవుతాయి. మనకు మాత్రం గడ్డిమోపుకు కట్టిన కాగితమే వేట. ఒలింపిక్ గురి 70 మీటర్ల దూరాన ఉంటుంది, దాని నడుమ పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లు. మన కంచంలో సగం కూడా ఉండదు. పదిమీటర్ల దూరంలో ఆరు బాణాలు ఒకే చోట గుచ్చుకునేదాకా వెనక్కి జరగొద్దు.

మంగళగిరి నుంచి విజయవాడ గంటలోపు ప్రయాణం. పిల్లలకు విల్లు కొనేముందు ఒక్కసారి అక్కడి శిక్షణ మైదానానికి తీసుకెళ్లండి. నెల రోజులు అక్కడి వెదురు విల్లును లాగనివ్వండి. ఆ తర్వాతే డబ్బు తీయండి.