సరిత బల్లమీద ఏముంది?

మా మనవరాలికి ఉద్యోగాలు రెండు ఒక్కసారే వచ్చాయి. హైదరాబాదులోదానికి జీతం ఎక్కువ. విశాఖలోదానికి తక్కువే గాని, పని తనకి నచ్చినది. ఎటూ తేల్చుకోలేక, "అమ్మమ్మా, నీ ఉద్యోగంలో నీకు అన్నిటికన్నా ఇష్టమైనదేమిటి?" అని అడిగింది.

"జీతం" అన్నాను ఠక్కున.

అన్నానే గాని, ఆ మాట నాది కాదనిపించింది. ఎక్కడో విని నేర్చుకున్న మాట. ఎక్కడా అని ఆలోచిస్తే 'అంతులేని కథ' గుర్తొచ్చింది. ఆ రాత్రే ఇద్దరం కూర్చుని మళ్ళీ చూశాం.

బాలచందర్ గారు 1974లో తమిళంలో తీసిన కథనే 1976లో తెలుగు చేశారు. మా ఊళ్ళో తీసిన సినిమా గనక అప్పట్లో మేమంతా సొంతింటి పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళాం. జయప్రద సరిత. తండ్రి ఇల్లు విడిచిపోయాడు. అన్న తాగుబోతు. అతని పెళ్ళాం పిల్లలు, భర్తపోయి పుట్టింటికొచ్చిన తోబుట్టువు, చూపులేని తమ్ముడు, తల్లి – ఇంతమందీ ఆమె జీతం మీదే. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది. చేతిరుమాలు తడిసేలా ఏడ్చాను.

ఈసారి ఏడుపు రాలేదు. వేరే సందేహం వచ్చింది. సరిత ఇంట్లో ఎన్ని కంచాలు లేస్తాయో నాకు తెలుసు. ఆవిడ చేసే పని ఏమిటో మాత్రం సినిమా అయిపోయాక కూడా నేను చెప్పలేను. ఆఫీసు కనబడుతుంది, ఆమె బల్లమీద ఏముందో కనబడదు. ఆ పని ఆమెకి బాగా వచ్చా, అందులో ఏదైనా ముచ్చట ఉందా అని దర్శకుడు అడగలేదు. ఉద్యోగమంటే ఒకటో తారీఖు, అంతే.

అదే దర్శకుడు 1981లో 'ఆకలిరాజ్యం' తీశారు. అందులో కమల్‌హాసన్ నోట మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ కవిత్వం పలికించారు. ఆ అబ్బాయి కూడా పస్తులున్నవాడే. అయినా ఏ పని చెయ్యాలి, ఎవరి ముందు తల వంచకూడదు అని సినిమా పొడుగునా తర్కించుకుంటాడు. చివరికి మంగలిషాపులో కుదురుకుని తలెత్తుకు నిలబడతాడు. ఆకలి ఇద్దరిదీ ఒకటే. ఉద్యోగంలో నాకేం కావాలి అన్న ప్రశ్న మాత్రం మగవాడికే దక్కింది. సరితకి త్యాగం దక్కింది.

పదిమందికి అన్నం పెట్టాల్సిన మనిషికి ఇష్టాయిష్టాలు ఎక్కడివండీ అంటారు. ఆ మాట కాదనను. మనవరాలు తీరిగ్గా రెండు ఉత్తరాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తోందంటే, దాని జీతం కోసం ఇంట్లో ఎవరూ ఎదురుచూడటం లేదు గనకనే. కాని ఇష్టం మనల్ని అడిగి పుడుతుందా?

నా మొదటి ఉద్యోగం పోర్టు దగ్గర ఒక షిప్పింగు ఏజెంటు ఆఫీసులో. ఇనప ఖనిజం ఎక్కించుకుని జపాను వెళ్ళే ఓడలకి కాగితాలు టైపు చేసేదాన్ని. ఒక్క అంకె తప్పితే గొడవ. అందుకని రెండేసిసార్లు సరిచూసేదాన్ని. ఏ సాయంత్రమో డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి ఓడ మెల్లిగా సముద్రంలోకి జారుతుంటే, నా కాగితాలు సరిగ్గా ఉన్నాయన్నమాట అనుకునేదాన్ని. ఎవరితోనూ అనలేదు, నవ్వుతారని. మరో ఆఫీసులో నూటయాభై ఎక్కువిస్తామంటే వెళ్ళిపోయాను. ఆ డబ్బుతో తమ్ముడి చదువు గట్టెక్కింది, దానికి విచారం లేదు. అక్కడ ఫైళ్ళమీద ముద్రలు వేసి పక్కబల్లకి తోసేదాన్ని. అవి ఎక్కడికి పోయేవో, ఎవరికి పనికొచ్చేవో ఇరవైరెండేళ్ళలో ఒక్కసారీ తెలియలేదు. ఇంట్లో అందరూ అదే మంచి ఉద్యోగమనేవారు. నేనూ అదే అన్నాను, జీతం పేరు చెప్పి.

అంచేత సినిమా ముగింపు ఇప్పుడు నాకు వేరేగా కనబడింది. పెళ్ళివేళకి, అప్పుడే బాగుపడ్డ అన్న హత్యకి గురవుతాడు. సరిత తన పెళ్ళికొడుకుని చెల్లెలికి ఇచ్చి మళ్ళీ ఆఫీసుకి బయలుదేరుతుంది. అది శిక్ష అని మనచేత ఏడిపించారు. ఆ ఆఫీసులో ఆమెకి ప్రీతిపాత్రమైనది ఒక్కటి చూపించి ఉంటే – ఒక చక్కటి ఉత్తరం టైపు చెయ్యడమో, కిటికీపక్క కుర్చీయో – కథలో దుఃఖం తగ్గేది కాదు, సరిత ఇంకాస్త మనిషయ్యేది. జయప్రద కళ్ళు అందుకు సిద్ధంగానే ఉన్నాయి. కథే ఇవ్వలేదు.

ఇదంతా చెప్తే మనవరాలు, "అయితే ఆ ఓడల సంగతి తాతయ్యకైనా చెప్పావా?" అంది.

లేదన్నాను. జవాబు రాయడానికి దానికి సోమవారం దాకా గడువుంది. పొద్దున్న నన్ను బీచిరోడ్డుకి తీసుకెళ్ళింది. బయట లంగరేసిన ఓడలు నాలుగున్నాయి. ఒకదాన్ని చూపించి, దాని కాగితాల్లో ఏమేం రాస్తారో మొదటినుంచీ చెప్పమంది.