బిలమునందలి వెలుఁగు

పాతాళశబ్దము పత ధాతువుమీఁద నుణాదిప్రత్యయముచే సిద్ధించినది. పడుటయే యా ధాతువున కర్థము. మార్కండేయపురాణమునఁ గువలయాశ్వుఁడు వరాహమును దఱుముచు మహాబిలమునఁ బడును. 1956లో వెలువడిన ‘ది మోల్ పీపుల్’ అను అమెరికా చలనచిత్రమునందును, కొండకొమ్మున శిథిలాలయమును బరిశోధించు పండితులలో నొకఁడు నేల క్రుంగి లోనికిఁ బడును. కథాబీజ మొక్కటియే, త్రోవలు వేఱు.

మారన తెనిఁగించిన యా పురాణకథకు సంస్కృతమూలమును జూడుఁడు. చీఁకటి నడుమ మాత్రమే యున్నది. బిలము దాఁటఁగానే వెలుఁగును, స్వర్ణప్రాసాదములతో నింద్రపురమును బోలు నగరమును గానవచ్చును. అంత వెలుఁగులో నొక్క మనుష్యుఁడును లేఁడు. వడివడిగాఁ బోవు నొక స్త్రీ యడిగినను బదులు పలుకక మేడ యెక్కును. భయమునకు రాక్షసుఁడే కనఁబడ నక్కఱలేదని కవి యెఱుఁగును.

చిత్రకారుఁ డిందుకు విపర్యయముగా నడచెను. వర్జిల్ వోగెల్ దర్శకత్వమున నిర్మితమైన యీ కథలో సుమేరుజాతివారు వేలయేండ్లుగా భూగర్భమున నుండి, తెల్లవాఱిన మేనులతో వెలుఁగును సైపలేనివారైరి. పరదేశుల చేతి టార్చిదీపము వారి కిష్తారుదేవి మహిమగాఁ దోఁచును. రాజాము మొదలగు తావులనుండి బొఱ్ఱా గుహలకుఁ బోయినవారికి దీప మచట శివలింగమును జూపు సాధనము. ఇచట నదియే యాయుధము. ఈ కల్పన మెచ్చఁదగినది. దీపమున శక్తి యుడుగుటతో దేవత్వమును నుడుగుట మిక్కిలి యుచితముగా నున్నది.

చిత్రారంభమున ఫ్రాంక్ బాక్‌స్టర్ అను నాచార్యుఁడు భూగర్భమునుగూర్చిన మతములను వివరించును. నాటకమునకుఁ బ్రస్తావన వంటిదే. కాని యది వాగ్దానము చేసిన పాండిత్యము కథలోఁ గానరాదు.

అసలు విచార్య మిది. మోల్ అనఁగా నేలను ద్రవ్వు నొక చిన్న జంతువు. ఆ పేరిటి జనులు గోళ్లతోను, వికృతముఖములతోను భయానకమునకు విభావములుగాఁ గల్పింపఁబడిరి. అయిననుఁ గథలో వారు కొరడాదెబ్బలు తినుచు, దొరలకై పాటుపడు బానిసలు. ఆహారము చాలదని స్త్రీలను బలియిచ్చు దొరలో సురూపులు! ప్రేక్షకుఁడు వెఱవవలసినచోటఁ జాలిపడును. భయానకాలంబనము కరుణాలంబన మగుట సామాన్యముగా రసదోషము. ఇచట నదియే చిత్రమునకుఁ బ్రాణము. ఈ మార్పును దర్శకుఁడు తెలిసి చేసెనా యనుట సందేహాస్పదము. తెలిసియుండిన నంత మట్లు కూర్పఁడు.

బానిసలు తిరుగఁబడి చెఱనున్న పరదేశులను విడిపింతురు. నాయకుఁడు నాయికయగు అదాదుతో భూమిమీఁదికి వచ్చును. అంతలో భూకంపము పుట్టి, స్తంభము కూలి యామె మరణించును. దీనికిఁ గథలో బీజము లేదు, పూర్వసూచన లేదు. ఇట్టి మరణము శోకమును బోషింపఁజాలదు, ఉలికిపాటునే కలిగించును. చెఱ విడిపించినవారివంకనో, దర్శకుఁడు మరలఁ జూడనే చూడఁడు.