ఆ ముక్కలు ఎవరు తరిగారు?

పోయిన నెల మా టీమ్ డిన్నర్ హైదరాబాద్‌లో ఒక ఖరీదైన రెస్టారెంట్‌లో పెట్టారు. తొమ్మిది కోర్సులు. ఐదోది ముద్దపప్పు-ఆవకాయ. నల్లరాయి లాంటి ప్లేటు, మధ్యలో గోళీ అంత పప్పు, చుట్టూ ఆవకాయ నూనె మూడు చుక్కలు, పైన నెయ్యి నురగ. బాగుంది, అబద్ధం ఎందుకు. కానీ అలవాటు కొద్దీ ఫోటో తీసి, ‘మా అమ్మ చేసే సింపుల్ పప్పన్నం ముందు ఇవన్నీ ఎంత’ అని స్టేటస్ పెట్టేశాను.

క్యాబ్‌లో వస్తూంటే అనుమానం వచ్చింది. ఈ మాట నాదేనా? కాదు. సినిమాల్లోంచి వచ్చింది.

‘రాటటూయి’ (2007) చూడనివాళ్ళు మనలో తక్కువ. పారిస్‌ని వణికించే విమర్శకుడు ఆంటన్ ఈగో ముందు ఒక పల్లెటూరి కూరగాయల వంటకం పెడతారు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోగానే చిన్నప్పటి ఇల్లు, గుమ్మంలో ఏడుపు మొహంతో పిల్లాడు, గిన్నెలో వడ్డిస్తున్న అమ్మ. చేతిలో పెన్ను జారి కింద పడుతుంది. నేను కనీసం ఆరుసార్లు చూసుంటాను, ఆరుసార్లూ గొంతు పట్టేసింది.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఆ సీన్ అమ్మకి చూపించాను, కరిగిపోతుందని. చూసి, “అన్ని ముక్కలు అంత పల్చగా తరగాలంటే ఎంతసేపు పడుతుందిరా?” అంది.

నాకెప్పుడూ రాని ప్రశ్న. తెర మీద ఈగో తిన్నది వాళ్ళమ్మ వంట కాదు. కాగితంలా తరిగిన కూరగాయల్ని ఒకదాని మీద ఒకటి ఆనించి చుట్టూ పేర్చిన ‘కాన్ఫీ బ్యాల్దీ’ అది. మిషెల్ గెరార్ అనే ఫ్రెంచి చెఫ్ తయారుచేసిన రూపాన్ని, సినిమాకి సలహాదారుగా ఉన్న థామస్ కెల్లర్ ఇంకా చెక్కాడు. అచ్చమైన ఫైన్ డైనింగ్. అంటే, ఇంటి వంట గెలిచిందని చెప్పడానికి సినిమా ఫైన్ డైనింగ్ వంటకాన్నే వాడుకుంది. ఆ వంటవాడెవరో చూడాలని ఈగో రెస్టారెంట్ ఖాళీ అయ్యేదాకా కూర్చుంటాడు. మర్నాడు ఎలకని ఆకాశానికెత్తుతూ రివ్యూ రాస్తాడు. అమ్మ గురించి అందులో ఒక్క మాట లేదు. ఆమెకి పేరు కూడా లేదు.

‘ద మెనూ’ (2022) ఇంకో దారిలో అక్కడికే వస్తుంది. దీవిలో రెస్టారెంట్, మనిషికి 1,250 డాలర్లు, బ్రెడ్ లేకుండా వడ్డించే బ్రెడ్ కోర్సు. డైరెక్టర్ మార్క్ మైలాడ్ ఈ ఆడంబరాన్ని ఉతికి ఆరేశాడు, నవ్వాను కూడా. చివర్లో మార్గో ఒక మామూలు చీజ్‌బర్గర్ అడుగుతుంది, 9.95 డాలర్లు. రాక్షసుడిలాంటి చెఫ్ దాన్ని ప్రేమగా కాలుస్తాడు. అందరూ ఈ సీనే చెప్పుకుంటారు. నాకు మాత్రం మూలన తాగుతూ కూర్చున్న చెఫ్ తల్లి గుర్తుండిపోయింది. ఆమె చేతి వంట ప్రస్తావనే రాదు. సింపుల్ తిండి అంటే ఇక్కడ కూడా అలిసిపోయిన నాలుకకి మందు, అంతే. తినేవాడి కథ.

జియో బేబీ మలయాళ సినిమా ‘ద గ్రేట్ ఇండియన్ కిచెన్’ (2021) కెమెరాని అటు తిప్పింది. కొత్త కోడలు (నిమిషా సజయన్) తరుగుతుంది, రుబ్బుతుంది, తోముతుంది, మళ్ళీ తరుగుతుంది. మామగారు గట్టిగా అరవడు, మర్యాదస్తుడు. అన్నం కుక్కర్లో కాకుండా కట్టెలపొయ్యి మీద ఉండాలంటాడు, చట్నీ రోట్లో రుబ్బాలంటాడు. ఫైన్ డైనింగ్ కస్టమర్‌కీ ఈయనకీ తేడా బిల్లు ఒక్కటే. ఇంట్లో భర్త నమిలిన ములక్కాడ తుక్కు టేబుల్ మీదే వదిలేస్తాడు, రెస్టారెంట్‌లో మాత్రం ఒక పక్కన ఒద్దికగా పెడతాడు. బయట నీకు టేబుల్ మేనర్స్ ఉన్నాయే అని భార్య అన్నందుకు క్షమాపణ చెప్పించుకుంటాడు. మూడు సినిమాల్లోనూ రెండు వంటల ప్రపంచాల్నీ ఒకేసారి చూసిన సీన్ ఇదొక్కటే అనిపించింది.

లోపం లేదని కాదు. ఆ అమ్మాయికి తిండి రుచిగా అనిపించే క్షణం ఒక్కటైనా ఉండి ఉంటే బావుండేది. వంట అంటే బాధే అన్నట్టు చూపించడం నాకు కొంచెం అన్యాయంగా తోచింది. అయితే నేనూ తక్కువ తినలేదు. మొదటిసారి చూసినప్పుడు, మళ్ళీ గిన్నెలేనా అని పది సెకన్ల ఫార్వర్డ్ బటన్ నొక్కుతూ పోయాను. దర్శకుడు నన్ను కూర్చోబెట్టి చూపించాలనుకున్న పనినే దాటేశాను. ఇంట్లో కూడా దాటేసింది అదే కదా.

మా భాషలో చెప్పాలంటే పప్పన్నం ఒక్క లైన్ కోడ్. ఫంక్షన్ పిలిస్తే చాలు, జవాబు వచ్చేస్తుంది. దాని వెనక లైబ్రరీ ఎవరు రాశారో ఎవరూ తెరిచి చూడరు. ఆ ప్లేటులో మూడు చుక్కలు కనిపించిన ఆవకాయకి ఎండాకాలంలో కాయలు ఏరాలి, కడిగి తుడవాలి, టెంకతో ముక్కలు కొట్టాలి, జీడి తీసి పొర గీకి ఒక్కో ముక్కా పొడిబట్టతో తుడవాలి. ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె కలపాలి, మూడో రోజు తిరగకలపాలి. ఇదంతా ‘సింపుల్’.

రెస్టారెంట్‌లో కనీసం మెనూ కింద చెఫ్ పేరుంది. జీతం ఉంది, వారానికో సెలవు ఉంది. అక్కడా అన్యాయం లేదనను. ప్రపంచంలోనే పేరున్న కోపెన్‌హేగెన్ నోమాలో ఏళ్ళ తరబడి ఇంటర్న్‌లు జీతం లేకుండా పనిచేశారు. కానీ అక్కడ కనీసం జీతం గురించి మాట్లాడొచ్చు. అమ్మ వంటని ‘ప్రేమ’ అన్నాక ఇక ఆ మాటెత్తేవాళ్ళెవరు?

స్టేటస్ తీసేశాను. అమ్మకి ఫోన్ చేసి ఈసారి ఆవకాయకి వస్తానన్నాను. కాయలు తుడిచే పని ఇస్తానంది. ముక్కలు కొట్టడం మాత్రం ఇవ్వదట, వేలు తెగ్గొట్టుకుంటానని.