గురువు లేని టీచర్

మా కోలారు జిల్లాలో సముద్రం లేదు. ఏడాది పొడుగునా పారే నది కూడా లేదు. అయినా ఆక్టోపస్ అంటే మా క్లాసులో అందరికీ తెలుసు. సినిమాలు, వార్తల వల్లే. 2004లో వచ్చిన 'స్పైడర్‌మ్యాన్ 2'లో డాక్టర్ ఆక్టోపస్ విలన్. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో జర్మనీలోని పాల్ అనే ఆక్టోపస్ ఎనిమిది మ్యాచ్‌ల ఫలితం ముందే చెప్పిందని అందరూ మెచ్చుకున్నారు. నిజానికి అది రెండు డబ్బాల్లో ఒకదానిలోని తిండి తీసుకున్నది, అంతే. మన సంతలో చిలక జోస్యం లాంటిదే. ఒకచోట రాక్షసుడు, ఇంకోచోట జోస్యగాడు. దాని అసలు తెలివి రెండింట్లోనూ కనపడదు.

అది కనపడేది 'మై ఆక్టోపస్ టీచర్' (2020) అనే డాక్యుమెంటరీలో. దీనికి 2021లో ఆస్కార్ వచ్చింది. దక్షిణాఫ్రికా సముద్రంలో క్రెయిగ్ ఫోస్టర్ రోజూ మునిగి ఒక ఆడ ఆక్టోపస్‌ను గమనిస్తాడు. సొరచేప వస్తే అది గవ్వలన్నీ ఒంటికి కప్పుకొని ముద్దగా అయిపోతుంది. ఆ సీను చూసి మా అవ్వ "అబ్బా, ఎంత జాణ ఇది!" అనింది.

కానీ నాకు ఒక లోపం కనిపించింది. ఫోస్టర్ తన మనసులోని బాధ గురించే ఎక్కువ చెప్తాడు. ఆక్టోపస్ చెయ్యి చాపితే అది స్నేహం అంటాడు. కుతూహలం ఉన్నా చెయ్యి చాపుతుంది కదా! ఎక్కడ ఏడవాలో కూడా సంగీతమే చెప్పేస్తుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేరే విషయం. ఆక్టోపస్‌కు సుమారు 50 కోట్ల నాడీకణాలు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం చేతుల్లోనే. అంత తెలివి ఉన్నా తల్లి గుడ్లకు కాపలా ఉండి, తిండి మానేసి, పిల్లలు బయటికొచ్చే వేళకు చచ్చిపోతుంది. పిల్లకు నేర్పేవాళ్లు ఎవరూ లేరు. ప్రతి ఆక్టోపస్ మొదటినుంచి తానే నేర్చుకోవాలి. అదీ ఒకటి రెండేళ్ల బతుకులో.

మా కేజీఎఫ్ బంగారు గనులు 2001లో మూతపడినాయి. అప్పటికి నేను పుట్టలేదు. అయినా షాఫ్టులో దిగేటప్పుడు గుండె ఎట్లా కొట్టుకుంటుందో నాకు తెలుసు. మా తాత చెప్పినాడు, తెలుగులో. ఆక్టోపస్‌కు ఎనిమిది చేతులున్నాయి గానీ తాత లేడు.

ఈ సినిమా తప్పకుండా చూడండి. ఒక్కరే ఫోన్లో కాదు, ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చొని చూడండి. అయిపోయినాక వాళ్లను ఏదైనా ఒకటి అడగండి.